తరుగు చెప్పని తూకం: ఒక కంటి సిర కేసు, నేను సరిగ్గా చదవని స్కాన్

ఈ కేసు రాయడానికి పేషెంటు ఒప్పుకున్నారు. ఊరు, వయసు, ఒకటి రెండు చిన్న వివరాలు మార్చాను. కాంటా పని మాత్రం మార్చొద్దన్నారు. "అది తీసేస్తే ఇంకా నేనేడుంట సారు" అన్నారు. అందుకని అలాగే ఉంచాను.

2023 మార్చి చివరి వారం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తే రోజులు. ఆ నెలల్లో మా ఓపీకి కళ్లు ఎర్రబడి వచ్చేవాళ్లు ఎక్కువ. హమాలీలు, రైతులు, బండి డ్రైవర్లు, అందరిదీ కారం ఘాటే. యాభై ఎనిమిదేళ్ల ఈ దడువాయి, అంటే మార్కెట్లో బస్తాలు తూచే మనిషి, కూడా కుడి కన్ను నలుపుకుంటూ లోపలికి వచ్చేసరికి అదే అనుకున్నాను. కుడి కంటికి చుక్కలు రాసి పంపేసేవాణ్ణేమో. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"అది కాదు సారు. ఇది," అని ఎడమ కన్ను చూపించారు.

జరిగిందిది. బస్తా కాంటా మీద పెట్టి డిస్‌ప్లే చదవబోతుంటే కుడి కంట్లో మిర్చి దుమ్ము పడింది. ఆ కన్ను మూసుకుని ఎడమ కంటితో చూశారు. 38 ఉండాల్సిన చోట ఎనిమిది సగమే ఉంది. "మీది సున్న కనవడ్తాంది, కింది సున్న లేదు." కాంటా ఖరాబైందనుకుని పక్కనున్న హమాలీని పిలిచి చూపించారట. అతను 38 అనే చదివాడు.

నేను పదేళ్లుగా హనుమకొండలో రెటీనా కేసులు, అంటే కంటి వెనక తెర జబ్బులు, చూస్తున్నాను. ఇంత సరిగ్గా జబ్బు ఉన్న చోటు చెప్పిన పేషెంట్లు తక్కువ. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి రెటీనా పై భాగం దెబ్బతింటే చూపులో కింది భాగం పోతుంది. ఆయన కింది సున్న లేదనగానే, పైన బయటి వైపు సిర కొమ్మ మీదికి నా ఆలోచన పోయింది. రెటీనా సిర కొమ్మలో అడ్డు పడే ఈ జబ్బు ఎక్కువగా పట్టేది ఆ కొమ్మనే.

కుడి కంటి చూపు 6/6, అంటే పూర్తి చూపు. ఎడమ 6/36; కింది అంకె పెరిగేకొద్దీ చూపు తగ్గినట్టు. కంటి ప్రెషర్ రెండింటిలోనూ మామూలే. కంటిపాప వెలుగుకు సరిగ్గానే ముడుచుకుంటోంది. బీపీ 178/104. సంక్రాంతి తర్వాత బీపీ గోళీలు ఆపేశారు. మార్కెట్లో నిలబడితే తల తిరుగుతోందని ఆయనే ఆపుకున్నారు. షుగర్ లేదు. ఫిబ్రవరిలో కంటి వెలుగు శిబిరంలో చూపించుకుని రీడింగ్ అద్దాలు తెచ్చుకున్నారు. అప్పటికి రెండు కళ్లూ బాగానే చదివాయన్నారు. అంటే అడ్డు పడి ఆరు వారాలు దాటలేదు. పాత కేసా, కొత్త కేసా అని తల పట్టుకునే బాధ తప్పింది.

చుక్కలు వేసి లోపల చూస్తే పై బయటి భాగమంతా విసనకర్ర విప్పినట్టు నెత్తుటి చారలు. విసనకర్ర మొదలు ఎక్కడుందో అక్కడే ధమని సిరను దాటుతోంది.

మాట గురించి ఒక మాట. మన వాళ్లు దీన్ని "కంటి నరం బ్లాకయింది" అంటారు. మేమూ తొందరలో అదే అంటాం. కానీ తెలుగులో నరం అంటే రక్తనాళమూ అవుతుంది, చూపును మెదడుకు మోసే నరమూ అవుతుంది. ఆ రెండోది పోయిందనుకుని, ఇక చూపు రాదని ఇంటికెళ్లి కూర్చున్నవాళ్లను చూశాను. అందుకే నేను కాగితం మీద బొమ్మ గీస్తాను. దాటే చోట ధమనికీ సిరకూ పైపొర ఒకటే. బీపీతో ఏళ్ల తరబడి గట్టిపడిన ధమని సిరను అదుముతుంది. అక్కడ రక్తం సుడి తిరిగి గడ్డకడుతుంది. వెనక ఉన్న రక్తానికి దారి ఉండదు. సన్నని నాళాల్లోంచి నీరు, నెత్తురు రెటీనాలోకి ఊరుతాయి. ఒర్రె పూడితే పక్క మడి జాలు పడుతుంది కదా, అదీ ఇదీ ఒకటే అంటాను. మా వైపు వాళ్లకు ఆ పైన చెప్పాల్సిన పని ఉండదు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆక్సిజన్ అందని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వదులుతుంది, అది నాళాలను ఇంకా కారేలా చేస్తుంది. మేం కంట్లో వేసే సూది మందు ఆ ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. సిరలో అడ్డు అలాగే ఉంటుంది. మందు దిగిపోయాక ప్రోటీన్ మళ్లీ తయారైతే నీరు మళ్లీ వస్తుంది. ఆకలిగొన్న రెటీనా ఎంత మిగిలిందన్నదాన్ని బట్టి సూదుల లెక్క నడుస్తుంది.

542

అదే రోజు ఓసీటీ తీశాం. వెలుతురుతో రెటీనాను పొరలు పొరలుగా అడ్డకోతలో చూపించే స్కాన్ ఇది. 1991లో మొదటిసారి దీని గురించి పత్రికలో వచ్చింది. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో కూడా ఉంది. ఫోవియా, అంటే రెటీనాలో చూపు అన్నిటికంటే స్పష్టంగా ఉండే నడిమి చోటు, దగ్గర మందం 542 మైక్రాన్లు. మా యంత్రం మీద మామూలు కంటికి 250, 270 మధ్య వస్తుంది. లోపల నీటి తిత్తులు, అడుగున ఒక నీటి మడుగు, అక్కడక్కడ తెల్లటి చుక్కలు. చూపు కణాల గీత నెత్తుటి నీడలో సరిగ్గా కనబడలేదు.

ఓసీటీ యాంజియో కూడా తీశాం. రంగు ఎక్కించకుండా, ఒకే చోట మళ్లీ మళ్లీ స్కాన్ తీసి, ఎక్కడ రక్తం కదులుతోందో అక్కడ తెల్లగా చూపిస్తుందది. కదలిక లేని చోటు నల్లగా ఉంటుంది. ఆ రోజు వచ్చిన బొమ్మ పనికిరాలేదు. పైన నెత్తురుంటే కింది పొరకు వెలుతురు పోదు, కాబట్టి నలుపు. నీటి తిత్తి ఉంటే నాళాలు పక్కకు జరుగుతాయి, అక్కడా నలుపు. వాపు వల్ల యంత్రం పొరల గీతలు తప్పు చోట గీసింది, పై పొర నాళాలను కింది పొరలో చూపించింది. రక్తం మరీ నెమ్మదిగా పోతున్నా నలుపే. ఇన్ని నలుపుల్లో నిజంగా నాళం చచ్చిపోయిన నలుపు ఏదో ఆ రోజు ఎవరూ చెప్పలేరు. నెత్తురు తగ్గాక మళ్లీ తీద్దామని పక్కన పెట్టాను. అంతవరకు తప్పు లేదు.

కొడుకు అడిగాడు. "సార్, ఎన్ని సూదులు పడ్తయి?"

ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్నే ఇది, రావాల్సిన ప్రశ్న కూడా. వచ్చిన ప్రతిసారీ తండ్రికి ఒక రోజు కూలి, వెంట వచ్చిన కొడుకుకు ఇంకో రోజు కూలి పోతాయి. చుక్కలు వేస్తే సాయంత్రం దాకా బండి నడపలేరు. మందు ఖర్చు సరేసరి. లెక్క తెలిస్తే అప్పు చేయాలా, పత్తి అమ్మేదాకా ఆగాలా అని ఇంట్లో మాట్లాడుకోవచ్చు. ఆగితే ఏమవుతుందో కూడా తెలిసిందే. 2010లో మొదటి ఫలితాలు వచ్చిన బ్రావో అనే మందు పరీక్షలో మొదటి ఆరు నెలలు ఉత్తుత్తి సూది పడి, తర్వాత అసలు మందు అందుకున్నవాళ్లు, మొదటి నుంచీ మందు పడినవాళ్ల చూపును అందుకోలేకపోయారు. అందుకే వెంటనే మొదలు పెట్టమన్నాను. ఎన్ని అంటే, "ముందు ఒకటి వేసి చూద్దాం" అన్నాను.

ఒకటి వేశాం. నాలుగు వారాలకు 542 కాస్తా 291 అయింది. చూపు 6/18. రెండోది వేశాం. ఆ ఊపులో నేను నోరు జారాను. "మందు బాగా పట్టింది. మూడుతో సరిపోవచ్చు" అన్నాను.

జూన్ చివర్లో, మూడోది పడిన నాలుగు వారాలకు, 268. చూపు 6/12. ఫైలు మీద "పొడి" అని రాసి సంతకం పెట్టాను. నెలకు రమ్మన్నాను. అప్పటికి నెత్తురు చాలావరకు కరిగింది. ఓసీటీ యాంజియో ఆ రోజే తీయాల్సింది. ఓపీ నిండా జనం. చూపు బాగుంది, అంకె బాగుంది. తీయలేదు.

జులై చివరి వారం వానలు ఓరుగల్లు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. హనుమకొండలో కాలనీలు నీళ్లలో ఉన్నాయి. 27న భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగింది. ఆయన రాలేదు. ఎవరూ రాలేదు. ఆగస్టు మధ్యలో వచ్చేసరికి చూపు 6/24, మందం 447.

ఆ మాట

ఆయన కోప్పడలేదు. కుర్చీలో కూర్చుని, "మూడే అన్నరు గద సారు" అన్నారు. నేను వాన వల్ల ఆలస్యమైందని ఏదో చెప్పబోయాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"మీరు తరుగు జెప్పకుండ తూకం జెప్పిన్రు."

మార్కెట్ తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. కాంటా మీద వచ్చిన బరువుకు రైతుకు డబ్బు రాదు. సంచి బరువని, తేమ అని, మట్టి అని కొంత తీసేస్తారు. ఆ తీసేసేదాన్ని తరుగు అంటారు. రైతుకూ వ్యాపారికీ గొడవ వచ్చేది అక్కడే. కాంటా చూపించిన అంకె ఎప్పుడూ అబద్ధం కాదు, కానీ ఆ అంకెను నమ్ముకుని ఇంటికి లెక్క చెప్పుకున్న రైతు మోసపోతాడు. ముప్పై ఏళ్లు కాంటా దగ్గర నిలబడ్డ మనిషికి నా 268 ఎలా అనిపించిందో ఆ ఒక్క మాటలో అర్థమైంది.

ఆ సాయంత్రం ఓపీ అయ్యాక పాత స్కాన్లన్నీ తెరిచి మొదటి నుంచి చూశాను.

జూన్ స్కాన్. 268 అనేది ఫోవియా నడిమి ఒక మిల్లీమీటరు వలయంలో సగటు. యంత్రం రంగుల పటంలో అది ఆకుపచ్చగా ఉంది. రంగుల పటం పక్కన పెట్టి అడ్డకోతలు ఒక్కొక్కటే జరుపుకుంటూ పోయాను. ఫోవియాకు కొంచెం పైన, అయిదారు కోతల్లో, రెటీనా లోపలి పొరల మధ్య ఉండాల్సిన గీతలు లేవు. నాలుగు మడతల చీరలో మడతలు కలిసిపోయినట్టు అంతా ఒకే బూడిద రంగు. అడ్డంగా కొలిస్తే అర మిల్లీమీటరు. దీన్ని డ్రిల్ అంటారు, లోపలి పొరల అమరిక చెదిరిపోవడం. 2014లో డయాబెటిక్ వాపు ఉన్నవాళ్లలో దీని గురించి మొదట రాశారు, తర్వాత సిర కేసుల్లోనూ చూశారు. వాపు ఉన్నప్పుడు ఇది కనిపిస్తే నమ్మలేం, నీళ్లకే గీతలు చెదురుతాయి. వాపు పోయాక కూడా అలాగే ఉందంటే ఆ ముక్కకు రక్తం అందక దెబ్బ తగిలిందని అనుమానించాలి. జూన్‌లో నీళ్లు లేవు. గీతలూ లేవు. బొమ్మలో ఉంది, నేను అంకె చూసి సంతకం పెట్టాను.

ఇంకొకటి. మార్చి స్కాన్‌లో 542 కూడా నిజానికి సరైన అంకె కాదు. రెండు కోతల్లో యంత్రం అడుగు గీతను నీటి మడుగు కిందికి కాకుండా పైకి గీసింది. చేత్తో సరిచేస్తే ఇంకా ఎక్కువ వచ్చింది. అప్పటి నిర్ణయం దానివల్ల ఏమీ మారదు. కానీ మందం ఎంత, ఎంత తగ్గింది అని శాతాలు లెక్కేసి మురిసిపోయేవాళ్లం ముందు ఆ గీతలు చూసుకోవాలి. జూనియర్లకు నేనే చెప్పే పాఠమిది.

రంగు ఫొటోలు

ఆగస్టులో నాలుగో సూది వేశాం. దానికి ముందు ఫ్లోరెసిన్ యాంజియోగ్రఫీ చేశాం. చేతి సిరలోకి పసుపు రంగు ఎక్కించి కంటి ఫొటోలు తీస్తారు. ఒంట్లో వికారంగా ఉంటుంది, ఒకటి రెండు రోజులు మూత్రం పసుపుగా వస్తుంది అని ముందే చెప్పకపోతే రాత్రి ఫోన్ వస్తుంది. మా దగ్గర వైడ్ ఫీల్డ్ కెమెరా లేదు. దానికి హైదరాబాద్ పోవాలి, ఆయన పోనన్నారు. కన్ను అటూ ఇటూ తిప్పించి ముక్కలు ముక్కలుగా తీసి అతికించాం.

పై బయటి భాగంలో రంగు చేరని చోటు పెద్దగా ఉంది. చూపును మోసే నరం తల వెడల్పుతో కొలిస్తే ఏడు. సిర కొమ్మ కేసుల్లో ఈ కొలత అయిదు దాటితే జాగ్రత్త పడాలని 1980లలో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్ష చెప్పింది. అలాంటి కళ్లలో పదింటికి దాదాపు నాలుగింటిలో కొత్త పిచ్చినాళాలు మొలిచాయి. అవి పగిలితే కన్నంతా నెత్తురే. ఫోవియా చుట్టూ ఉండే నాళాల వలయం కూడా పైవైపు తెగి ఉంది.

సెప్టెంబరు మధ్యలో వాపు మళ్లీ దిగాక, అయిదో సూది రోజున, ఓసీటీ యాంజియో తీశాం. ఈసారి నెత్తురు లేదు, నీళ్లు లేవు, గీతలు నేనే సరిచూశాను. 3 మిల్లీమీటర్ల చదరపు బొమ్మ. పై పొరలో నాళాలు అక్కడక్కడ పలచబడ్డాయి, ఫర్వాలేదు. లోతు పొరకు మారితే కింది సగం దగ్గరగా అల్లిన వలలా ఉంది. పై సగంలో వల లేదు. నాలుగైదు తెగిన పోగులు, వాటి చివర్లు ఉబ్బి ఉన్నాయి. జూన్‌లో గీతలు చెదిరిన ఆ అర మిల్లీమీటరు ముక్క సరిగ్గా ఆ కన్నం కిందికి వచ్చింది.

లోతు పొర ఎందుకు ముఖ్యం? రెటీనాలోంచి రక్తం సిరల్లోకి పోవడానికి ఆ పొర మీదుగా పెద్ద దారి ఉంది. ఊరిన నీటిని తిరిగి లాగడంలో కూడా దాని వంతు ఉందని చాలామంది నమ్ముతారు. ఆ వల పోతే రెండు నష్టాలు: ఆకలి వల్ల ప్రోటీన్ తయారవుతూనే ఉంటుంది, ఊరిన నీటికి పోయే తోవ ఉండదు. మందు వేసినప్పుడు 542 అంత వేగంగా ఎందుకు పడింది? ప్రోటీన్ ఎక్కువగా ఉన్న కంట్లో మందు పని కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అంతే. వేగంగా దిగిన నీరు మళ్లీ రాదని దాని అర్థం కాదు. నేను ఆ రెంటినీ కలిపేశాను.

అదే ఏడాది పరకాల వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చారు. అదే కొమ్మ, మందం 611, చూపు 6/60. ఈ కేసుతో చేయి కాలి ఉన్నాను కాబట్టి ఆమె కూతురితో "ఆరేడు పడొచ్చు" అన్నాను. మూడు పడ్డాయి. మళ్లీ నీరు రాలేదు. ఆమె లోతు పొర పలచబడింది గానీ ఎక్కడా తెగలేదు. పై సగం నుంచి కింది సగానికి అడ్డదారి నాళాలు రెండు మంచివి తయారయ్యాయి. మందం ఆమెకే ఎక్కువ, సూదులు ఈయనకే ఎక్కువ. ఇద్దరు మనుషులతో సిద్ధాంతం కట్టను. కానీ మొదటి రోజు మందం చూసి సూదుల సంఖ్య చెప్పే అలవాటు నాకు అప్పుడు పోయింది.

లోతు పొర బొమ్మ కూడా అన్నీ చెప్పదు. నాళాలు మొత్తం పోయి రెటీనా ఎండి పలచబడ్డ కళ్లలో వాపే రాదు. సూదులు అక్కర్లేదు, చూపూ లేదు. కాబట్టి నలుపు ఎక్కువైతే సూదులు ఎక్కువ అని నేరుగా గీత గీస్తే అక్కడ బోల్తా పడతాం. ఈ మధ్య ఓసీటీ బొమ్మలు చూసి, ఈ పేషెంటుకు ఎక్కువ సూదులు పడతాయా, తక్కువా అని చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములు తయారు చేస్తున్నారు. వందల మందిని రెండు గంపల్లో వేయడానికి అవి ఉపయోగపడవచ్చు. నా ముందు కూర్చున్న ఒక్కరికి మూడా, తొమ్మిదా అని చెప్పడానికి నేనింకా వాటి మీద ఆనుకోను. బొమ్మతో పాటు నేను నమ్మేది మందు ఆపాక నీరు ఎన్ని వారాలకు తిరిగి వచ్చిందన్న లెక్క. అది ప్రతి కంటికీ వేరు, ఆ కంటికి మాత్రం కొన్ని నెలల పాటు దాదాపు ఒకేలా ఉంటుంది.

వారాల లెక్క

సెప్టెంబరులో తండ్రీకొడుకులను కూర్చోబెట్టి రెండు బొమ్మలూ పక్కపక్కన చూపించాను. "నేను ముందు చెప్పిన లెక్క తప్పు. ఇదీ కారణం" అన్నాను. అలా అనడానికి కొంచెం టెన్షన్ పడ్డాను, దాచడమెందుకు. ఆయన లోతు పొర బొమ్మను కాసేపు చూసి, "బస్త చినిగినట్టున్నది" అన్నారు. చినిగిన బస్తాలో ఎంత పోసినా కారుతుంది కదా, మరి కుట్టు లేదా అని కొడుకు అడిగాడు. లేదని చెప్పాను.

34 మంది సిర కొమ్మ పేషెంట్లను సుమారు నాలుగేళ్ల పాటు చూసిన ఒక పరిశీలన ఉంది. సగం మందికి వాపు పూర్తిగా పోయింది. మిగతా సగానికి నాలుగో ఏడాదిలోనూ సగటున మూడు సూదులు పడ్డాయి. మీరు ఏ సగంలో ఉంటారో ఇప్పుడే చెప్పలేను, కానీ ఈ బొమ్మను బట్టి రెండో సగం అనుకుని సిద్ధంగా ఉండండి, తగ్గితే మంచిదే అన్నాను.

అప్పటి నుంచి ట్రీట్ అండ్ ఎక్స్‌టెండ్ పద్ధతి. నీరు లేకపోయినా వచ్చిన రోజు సూది వేసి, తర్వాతి తేదీని కొంచెం దూరం జరపడం. అక్టోబరు చివర్లో ఆరు వారాలకు పొడిగా ఉంది. డిసెంబరులో ఎనిమిది వారాలకు ఫోవియా పైన చిన్న తిత్తులు రెండు, మందం 318. ఏడు వారాలకు వెనక్కి తెచ్చాం. స్టెరాయిడ్ ఇంప్లాంట్ గురించి చెప్పాను. దాని పని మూడు నాలుగు నెలలు ఉంటుంది, కానీ శుక్లం ముదురుతుంది, కంటి ప్రెషర్ పెరగొచ్చు. ఆయన సొంత కటకం ఇంకా బాగానే ఉంది. వద్దనుకున్నాం.

పిచ్చినాళాలు రాకముందే రంగు చేరని చోట లేజర్ కొడితే సూదులు తగ్గుతాయా? నాకూ ఆ ఆశ ఉండేది. వినడానికి న్యాయంగానే ఉంది, ఆకలిగొన్న రెటీనాను కాల్చేస్తే ప్రోటీన్ తగ్గాలి కదా. 2015లో వచ్చిన రిలేట్ పరీక్షలో వాపూ తగ్గలేదు, సూదులూ తగ్గలేదు. అందుకని ఆగాను.

2024 ఫిబ్రవరి మధ్యలో రావాల్సింది. 21 నుంచి మేడారం జాతర. వాళ్లింట్లో ఎత్తు బంగారం, అంటే మనిషి తూగినంత బెల్లం ఇచ్చే మొక్కు ఉంది. మార్చి మొదటి వారంలో వచ్చారు, పది వారాలు దాటాయి, మందం 402. ఆయన లోపలికి వస్తూనే "వచ్చింది కద సారు నీరు" అన్నారు. రెండు రోజుల ముందే కాంటా మీద ఎనిమిది కింద మసకబారిందట. మా యంత్రం కంటే ఆ డిస్‌ప్లే ముందు చెప్పింది. అప్పటి నుంచి రోజూ కాంటా దగ్గర కుడి కన్ను మూసి చూసుకొమ్మన్నాను. గళ్ల చార్టు ఇచ్చాం గానీ అది ఇంట్లో ఏ దేవుడి పటం వెనక ఉందో.

ఏప్రిల్, జూన్‌లో ఏడేసి వారాలకు. బీపీ అప్పటికి 130/80 దగ్గర నిలబడింది. గోళీ మార్చిన ఫిజీషియన్ పుణ్యం, తల తిరగడం కూడా పోయింది. ఆగస్టులో తొమ్మిది వారాలకు పొడి. నవంబరులో పన్నెండు వారాలకు పొడి. మొత్తం పన్నెండు సూదులు. చూపు 6/12 దగ్గర ఆగింది. ఆ అర మిల్లీమీటరు ముక్కలో గీతలు తిరిగి రాలేదు, 6/6 కూడా రాదు. అది చెప్పాను.

2025 ఫిబ్రవరిలో మాక్యులా, అంటే ఫోవియా ఉండే రెటీనా నడిమి భాగం, పొడిగానే ఉంది. సూది వేయకుండా పంపొచ్చనిపించింది. అలవాటుగా పై బయటి అంచు చూశాను. రంగు చేరని చోటు అంచున ఎర్రటి దారపు ముడి లాంటిది ఒకటి. యాంజియోగ్రఫీలో అది తెల్లగా కారింది. పిచ్చినాళం. సూదులు పడుతున్నంత కాలం ఆ మందే దాన్ని అణిచి ఉంచుతుంది. వ్యవధి పెంచాక తల ఎత్తుతుంది. మాక్యులా పొడిగా ఉందని ఈ కేసుల్లో అంచు చూడకుండా పంపితే, ఆరు నెలలకు కంట్లో నెత్తురుతో వస్తారు. ఆ భాగానికి లేజర్ చేశాం. నాలుగు వారాల్లో ముడి ముడుచుకుపోయింది.

మిర్చి సీజన్‌లో, ఏప్రిల్ మొదట్లో, చెకప్‌కు వచ్చారు. 274. పొడి. ఈసారి అంకె చూసి సంతకం పెట్టలేదు, కోతలన్నీ చూశాను, లోతు పొర చూశాను, అంచు చూశాను. కన్నం పెరగలేదు. సూది వేయలేదు. ఇంకా ఎన్ని పడొచ్చు అని కొడుకు మళ్లీ అడిగాడు. ఈ ఏడాదికి సున్నా నుంచి మూడు మధ్యలో అనుకోవచ్చని ఫైలు మీద రాసి ఇచ్చాను.

దడువాయి ఆ కాగితం అందుకుని, కుడి కన్ను మూసి, ఎడమ కంటితో చదివారు.

"తరుగు పోంగనా, తరుగుతోనా సారు?"

తరుగుతోనే అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మార్కెట్‌కు టైమవుతోందని లేచారు.